మొగులయ్య పెట్టిన మగ్గం ఫోటో

ఆ పొద్దున మొగులయ్య అనుకున్న పని చిన్నదే. మగ్గం మీది హంసల అంచు చీరను ఫోటో తీసి, 'మనోళ్లు' వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. గద్వాల నుంచి సోలాపూర్ దాకా చెదిరిన చుట్టాలంతా అందులోనే ఉన్నారు. సోలాపూర్‌లో ఉండే అక్క సుగుణమ్మ కూడా ఉంది. తన మనవరాలి పెండ్లికి రాలేదని ఆమెకు తమ్ముడితో మూడేండ్లుగా మాటల్లేవు. ఈ చీర చూసైనా ఒక్క మాట పెడుతుందని అతని ఆశ.

కరెంటు పోయింది. ఫోటో చెదురుతుందని మగ్గం ఆపి, వెలుతురు కోసం దాని ముందు దీపం పెట్టాడు. హంసలు చీకట్లోనే ఉండిపోయాయి. దీపం మాత్రం బాగా పడింది. నేత ఇళ్లలో పనిరోజున మగ్గం ఆగి, దాని ముందు దీపం వెలిగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. తొందరలో అతనికది తట్టక, ఫోటోను అలాగే గ్రూపులో పెట్టేశాడు.

నిమిషం తిరగకముందే సుగుణమ్మ కొడుకు సాయితేజ 'ఓం శాంతి' అని పెట్టాడు. వెనుకే పదకొండు దండాలు వచ్చాయి. "ఎవలో పోయినట్టున్నరు" అనుకుని మొగులయ్య మర్యాదగా తానూ 'ఓం శాంతి' పెట్టాడు. దాంతో చుట్టాలకు అనుమానం తీరిపోయింది. మొగులయ్యే పెట్టాడంటే, పోయింది అతని భార్య యాదమ్మే.

మనసాగక అతను సాయితేజకు ఫోన్ కొట్టాడు.

"అల్లుడా, ఎవలు పోయిన్రు రా?"

"మామా, జర ధైర్యంగుండు."

"ధైర్యంగనే ఉన్న. పేరు చెప్పు."

దుఃఖంతో మామకు మతి తప్పిందనుకున్నాడు సాయితేజ. "వస్తున్నం మామా" అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఎవరికి కొట్టినా ఎత్తరు. మొగులయ్య వాకిట్లోకీ మగ్గం దగ్గరికీ తిరిగిన తిరుగుడు కొలిస్తే వనపర్తి దాటేది. పేరు చెప్పడానికి అల్లుడికే నోరు రాలేదంటే, పోయింది అక్కే. 'వస్తున్నం' అన్నాడంటే శవాన్ని పుట్టింటికే తెస్తున్నారు. మాట కలపకుండానే పోయింది. అతను కూలబడి ఏడ్చాడు. యాదమ్మ పక్కన కూర్చుని అంతకంటే గట్టిగా రాగం ఎత్తుకుంది. ఆ ఏడుపుకు బెదిరిన ఇంటి కప్పు మీది కోతులు ధరూర్‌లో గానీ ఆగలేదని వాడకట్టంతా చెప్పుకుంటారు.

సాయంత్రం ఇంటి ముందు జీపు ఆగింది. సుగుణమ్మ చంకలో కొత్త చీరతో, గుండెలు బాదుకుంటూ లోపలికొచ్చి, గడపలోనే నిలబడిపోయింది.

"అక్కా, నువ్వు బతికే ఉన్నవా?"

"నా సంగతి ఇడువు. సచ్చిన మనిషి నాకంటె గట్టిగ ఏడుస్తుందేంది?"

"ఎవలు సచ్చిన్రు వదినె?" అంది యాదమ్మ ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వే. మగ్గమాపి దీపం పెట్టిండు గద నీ మొగడు."

"కరెంటు లేకుండె అక్కా," అన్నాడు మొగులయ్య.

సుగుణమ్మ అందుకుంది. మూడేండ్లుగా దాచిపెట్టిన తిట్లన్నీ వరుసగా బయటికి తీసింది. మొగులయ్య ఒక్కటీ పోనివ్వకుండా, కళ్లు తుడుచుకుంటూ, ఆమె కాళ్ల దగ్గరే కూర్చుని విన్నాడు.

తన శవం మీద కప్పడానికి తెచ్చిన చీరను మాత్రం యాదమ్మ తిరిగి ఇవ్వలేదు. రంగు నచ్చిందట.