పిచ్చుక ఎమ్మే ఫైలు

ఆ రోజు పిచ్చుక ప్లాను చాలా చిన్నది. ఎమ్మే అప్లికేషనులో సబ్జెక్టు గడి నింపాలి, నాన్న సంతకం తీసుకోవాలి, సాయంత్రం ఐదులోపు యూనివర్సిటీ కౌంటర్లో ఇచ్చేయాలి. ఐదు దాటితే ఏడాది గోవిందా.

పిచ్చుక అంటే ముద్దుపేరు. గొంతు పక్కగదికి కూడా వినపడదని ఇంట్లో అలా పిలుస్తారు. ఆ గొంతుతోనే కాలేజీ లెక్చరరు అవుతానని ఆమె పట్టు. "నీ మాట మొదటి బెంచీకే అందదు, ఇంక చివరి బెంచీ సంగతేంటే?" అని నాన్న దెప్పు. ఆమెకి చరిత్ర కావాలి, ఆయనకి ఎకనామిక్స్ కావాలి. "పోస్టులు దానికే ఎక్కువ పడతాయి" అంటాడు, అవేవో రోజూ వాకిట్లో పడుతున్నట్టు.

నాన్న నీటి సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లో కూడా ఏ పనైనా ఫైల్లోనే నడవాలి. మిక్సీ కొనాలన్నా ముందు నోటు, కింద అమ్మ అభిప్రాయం, దాని కింద బామ్మ అభిప్రాయం, చివర నాన్న పొట్టి సంతకం. వంటింటి కప్పు కారుతోందని అమ్మ పెట్టిన ఫైలుకి అప్పుడే రెండేళ్లు నిండాయి. పిచ్చుక ఎమ్మే కూడా గోధుమరంగు అట్టలో, ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్టుతో సహా, ముందురోజు రాత్రే భోజనాల బల్ల ఎక్కింది. నాన్న అప్పుడే అందులో ఎకనామిక్స్ మేలని నోటు రాసి, సంతకం పొద్దున్న పెడతానన్నాడు.

తొమ్మిదిన్నరకి నాన్న హడావిడిగా ఆఫీసుకి వెళ్లిపోయాడు. పదింటికి పిచ్చుక బల్లమీది ఫైలు తెరిచింది. 

"అమ్మా! ఇదేంటి, కప్పు కారుతోంది అని ఉందీ?"

"అవునే, పొద్దున్నే చూశా. మూడేళ్లుగా కప్పు కారుచున్నది, అభిప్రాయం తెలుపగలరు అని మీ నాన్నే రాశారు. మూడేళ్లని ఆయనే ఒప్పుకున్నారు చూడు! ఇన్నాళ్లకి కదిలారు కదాని కడిగేశా."

కడిగేయడం అంటే, అమ్మ ఇలా రాసింది: "బకెట్లు పెట్టి పెట్టి నడుం పోయింది. ఇంకా అభిప్రాయాలేమిటి? వెంటనే బాగుచేయించండి." కళ్లజోడు దొరక్క బామ్మ దాని కింద వేలిముద్ర వేసింది.

పిచ్చుక అట్ట లోపలి ఆఫీసు ముద్ర చూసింది. అది వంటింటి కప్పు కాదు, ఆఫీసు కప్పు! నాన్న నోటు రాసుకుందామని ఆఫీసు ఫైలు ఇంటికి తెచ్చి, పొద్దున్న దానికి బదులు అదే రంగు అట్టలో ఉన్న ఎమ్మే ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లాడన్నమాట. నాన్నకి ఫోను చేస్తే అది సోఫా కింద మోగింది. పిచ్చుక కప్పు ఫైలు సంచీలో పడేసుకుని పరుగెత్తింది. బస్సులు రెండు మారి చేరేసరికి పన్నెండు.

సెక్షన్లో నాన్న మొహం సున్నం కొట్టినట్టుంది.

"నా ఫైలేది నాన్నా?"

"చూడకుండా పొట్టి సంతకం పెట్టి ఇన్వర్డుకి ఇచ్చేశానే. రిజిస్టర్లో నెంబరు పడిపోయింది."

"పడితే ఏం? తీసుకొచ్చెయ్!"

ఇన్వర్డు గుమస్తా లేచి నిలబడి మరీ నవ్వాడు. "అమ్మో, నెంబరు పడ్డ ఫైలు ఆఫీసరమ్మ ఆర్డరు లేకుండా వెనక్కి రాదమ్మా! ఇరవై ఏళ్లుగా మీ నాన్నగారే మా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నారు. నా సొంత పెళ్లి సెలవు చీటీ తేదీ దిద్దుకుంటానంటే ఇచ్చారా? ముహూర్తం టైముకి నేను ఈ బల్ల దగ్గరే ఉన్నా!"

నాన్న గోడ గడియారం కేసి చూశాడు. సొంత రూలు కదా, ఎవర్ని తిట్టాలి?

ఫైలు ఒక్కో బల్లా దాటి ఆఫీసరమ్మ దాకా వెళ్లాలి. పిచ్చుక దాని వెనకాలే నడిచింది. ఇన్వర్డు గుమస్తా "సైకాలజీ మేలు, మా బావమరిది అదే చదివాడు" అని రాశాడు. అకౌంటెంటు భోజనం ముగించి, చేతులు తుడుచుకుని, "సాహిత్యం పరిశీలించవచ్చు" అని చేర్చాడు. ఇంజనీరు తలెత్తకుండా "స్థల పరిశీలన అవసరం" అని రాసేశాడు.

"ఏ స్థలం సార్?" అంది పిచ్చుక.

"ఏమన్నావమ్మా? గట్టిగా చెప్పు."

"ఏ స్థలం అన్నాను సార్!"

"అలవాటమ్మా" అన్నాడు ఆయన.

మూడున్నరకి ఫైలు ఆఫీసరమ్మ గదికి చేరింది. ఆవిడ ఆరు పేజీలూ తిరగేసింది. "ఎకనామిక్స్, సైకాలజీ, సాహిత్యం, స్థల పరిశీలన... ఇంతకీ ఈ అమ్మాయికి ఏం కావాలో ఎవరూ రాయలేదేం?"

"చరిత్ర మేడమ్" అంది పిచ్చుక.

"వినపడలేదమ్మా."

"చరిత్ర!" ఈసారి బయట టైపు చప్పుడు కూడా ఆగింది. "అది తర్వాత, ముందు నా ఫైలు ఇప్పించండి మేడమ్. ఐదుకి కౌంటరు మూసేస్తారు."

"ఇవ్వాలనే ఉంది. కానీ వెనక్కివ్వాలంటే కారణం రాయాలట, మళ్లీ అన్ని బల్లలకీ తిప్పాలట. మీ నాన్నగారే చెప్పారు. రూలమ్మా."

"ఆ రూలు ఎవరైనా చదివారా మేడమ్?"

గదిలో అందరూ నాన్న వైపు చూశారు. నాన్న గుమ్మం వైపు చూశాడు.

"నాకు ముందు సూపరింటెండెంటు చెప్పాడు" అన్నాడు.

"ఆయనకి?"

"ఆయనకి ముందు ఆయన."

పిచ్చుకకి ఎక్కడలేని ఊపూ వచ్చింది. చరిత్రంటే ఆమెకి ఇష్టమైందే ఇది! వాళ్లు చెప్పారు, వీళ్లు చెప్పారు కాదు, అసలు కాగితం చూడాలి. "పాత సర్క్యులర్లు ఏ బీరువాలో ఉంటాయండీ?" అంటూ సెక్షన్లోకి దూసుకుపోయింది. తాళంచెవి వెతకడానికి పది నిమిషాలు, దుమ్ముకి తుమ్మడానికి ఐదు. నాలుగో కట్టలో దొరికింది. అందరూ మూగితే తోపులాట అవుతుందని కుర్చీ ఎక్కి చదివింది.

"ఒకటి: ఆఫీసు ఫైలు ఎవరూ ఇంటికి పట్టుకెళ్లరాదు."

నాన్న మెల్లగా జారుకుని గది చివర మంచినీళ్ల కూజా పక్కన నిలబడ్డాడు.

"రెండు: నెంబరు పడిన ఫైలు అధికారి ఆర్డరు లేనిదే వెనక్కి ఇవ్వరాదు. మూడు: సొంత కాగితాలు పొరపాటున కలిసినచో, నెంబరు పడినా సరే, తక్షణం తిరిగి ఇచ్చివేయవలెను. చూశారా? రెండోది అందరూ గుర్తుపెట్టుకున్నారు. మూడోది ఎందుకు మర్చిపోయారు? చెప్పండి!"

"పేజీ వెనక్కి తిప్పాలి కదమ్మా, ఎవరు తిప్పుతారు?" అన్నాడు అకౌంటెంటు, క్లాసులో లేచినట్టు లేచి.

"కరెక్ట్. కూర్చోండి!"

ఆయన కూర్చున్నాడు. ఇంజనీరు చెయ్యెత్తాడు. కూజా దగ్గర్నుంచి నాన్న గొంతు వినిపించింది, కాస్త బొంగురుగా. "పిచ్చుకా... ఇక్కడిదాకా వినపడుతోందే."

నాలుగూ ఇరవై. నాన్నే జేబులోంచి పెన్ను తీసి సబ్జెక్టు గడిలో చరిత్ర అని రాశాడు. కింద పొట్టి సంతకం కాదు, పూర్తి పేరుతో నిండు సంతకం పెట్టాడు. ఇన్వర్డు గుమస్తా స్కూటరు తీశాడు. నాలుగూ యాభై ఏడుకి కౌంటర్లో ముద్ర పడింది.

ఇక్కడ ఆఫీసరమ్మ, పిచ్చుక బల్లమీద వదిలేసిన కప్పు ఫైలు తెరిచింది. "మూడేళ్లలో ఈ ఆఫీసు నుంచి ఇంత సూటి నోటు రాలేదు. ఎవరండీ రాసింది?" అంది. నాన్న మళ్లీ కూజా దగ్గరికి నడిచాడు. ఆవిడ బామ్మ వేలిముద్ర పక్కనే సంతకం పెట్టేసింది.

రెండు వారాల్లో ఆఫీసు కప్పు కారడం ఆగిపోయింది. వంటింటి కప్పు ఫైలు ఇంకా నాన్న పరిశీలనలోనే ఉంది.