రెండో చప్పుడు

ఆ రోజు సెక్రటరీగారి పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఫుట్‌బాల్ లీగ్ నుంచి అధికారి వస్తాడు. జట్టు యజమాని పెద్దాయనను ఆ అధికారి ముందు అరగంటసేపు మెలకువగా కూర్చోబెట్టాలి. అడిగినవాటికి సమాధానాలు చెప్పించాలి, అధికారికి కాఫీ ఇచ్చి సాగనంపాలి. అంతే. ఇంతకంటే కష్టమైన పనులు ఎన్నో చేసిన మనిషే. అయినా తెల్లవారకముందే మెలకువ వచ్చేసింది. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

"ఏమండీ, ఆ కాలు ఆపండి. బల్ల మీద గ్లాసులు నడుస్తున్నాయి," అంది భార్య.

సెక్రటరీగారు కిందికి చూసుకున్నారు. కుడికాలు తన మానాన తాను టకటకా ఊగుతోంది. మనసులో కంగారు పుట్టిందంటే చాలు, ఆ కాలు ఆయన మాట వినదు. పెళ్లయిన కొత్తలో ఒక రాత్రి ఆవిడ భూకంపమనుకుని వాకిట్లోకి పరుగెత్తింది. ఇప్పుడు మంచం ఊగితే అటు తిరిగి పడుకుంటోంది.

"తొంభై మూడేళ్లు బతికినాయనకి అరగంట కూర్చోవడం రాదాండీ?"

"కూర్చోవడం వచ్చు. కూర్చుంటే నిద్రొస్తుంది. అదే నా భయం."

"మరి అమ్మాయిగారో?"

"ఆవిడకి నిద్ర రాదు. అది ఇంకో భయం."

అమ్మాయిగారు అంటే పెద్దాయన ఏకైక కూతురు. వయసు అరవై ఎనిమిది. పెద్దాయన తన నడివయసులో ఈ ఫుట్‌బాల్ జట్టును పెట్టిన నాటినుంచీ ఆఫీసులో అందరూ ఆవిణ్ని అమ్మాయిగారనే పిలుస్తున్నారు, ఇంకా మానలేదు. ఈ ఏడు లీగ్‌వాళ్లు కొత్త నియమం తెచ్చారు. ఎనభై దాటిన యజమానులు అధికారి ఎదుట కూర్చుని, జట్టు వ్యవహారాలు తామే తేల్చి చూపించాలి. చూపించలేకపోతే జట్టు వారసుల చేతికి వెళుతుంది. ఆ కుర్చీలో తాను కూర్చున్న రోజున ఆఫీసులో బూజు దులిపిస్తానని అమ్మాయిగారు ఇప్పటికే ప్రకటించారు. బూజు అన్నప్పుడు ఆవిడ గోడల వైపు చూడలేదు, సెక్రటరీగారి వైపు చూశారు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. చేతికి వచ్చిన విద్య ఇదొక్కటే. ఈ వయసులో ఎవరి గుమ్మం ముందు నిలబడాలి, ఏమని అడగాలి? నిజం చెప్పాలంటే ఉద్యోగం పోతుందన్న భయం ఎంత ఉందో, పొద్దున లేచి వెళ్లడానికి ఆ మైదానం ఉండదన్న దిగులూ అంతే ఉంది.

"ఈ కొత్త బూట్లు వేసుకెళ్లండి. అధికారి ముందు ఆ పాత చెప్పులేం బాగుంటాయి?" అని భార్య ఒక జత తెచ్చి పెట్టింది. మడమలు గట్టివి. నడిస్తే ఇల్లంతా ఠకఠకలాడింది. మొదటి తప్పు అక్కడే జరిగిందని ఆయనకు తర్వాత తెలిసింది.

ఆ ఆఫీసులో ఒక వింత పద్ధతి ఉంది. చాలా ఏళ్ల కిందట పెద్దాయనకు గొంతు పూడుకుపోయి కొన్నాళ్లు మాట రాలేదు. అప్పుడు చేతికర్రతో నేలను కొట్టి పనులు నడిపించారు. ఒక దెబ్బంటే సరే. రెండంటే వద్దు. మూడంటే కాఫీ. గొంతు బాగయింది కానీ కర్ర మాత్రం ఆగలేదు. మాట్లాడితే ఎదురుమాట్లాడేవాళ్లు కర్రతో ఎదురుమాట్లాడరని ఆయన కనిపెట్టేశారు. మీటింగు గదిలో చెక్క నేల. ఆ చప్పుడు వీధి దాకా వినిపించేది. ఈమధ్య మాత్రం ఆయన కళ్లు మూసుకుంటే ఆలోచిస్తున్నారో నిద్రపోతున్నారో తెలియడం లేదు. కర్ర లేచేదాకా అందరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాల్సి వస్తోంది.

అధికారి టైముకే వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, నవ్వని ముఖం. బల్లకు ఆ చివర పెద్దాయన, ఆయన పక్కనే సెక్రటరీగారు, ఎదురుగా అమ్మాయిగారు, ఆవిడ పక్కన జట్టు కోచ్ కూర్చున్నారు. కర్ర పద్ధతి గురించి అమ్మాయిగారే అధికారికి వివరంగా చెప్పారు. చెబుతున్నంతసేపూ తీయగా నవ్వారు.

"విచిత్రంగా ఉంది," అన్నాడు అధికారి. "సరే, మొదలుపెడదాం. పోయిన సీజను నివేదికను యజమానిగారు ఆమోదిస్తున్నారా?"

పెద్దాయన కళ్లు మూసుకునే ఉన్నారు. కానీ కర్ర లేచింది. సెక్రటరీగారి ప్రాణం కుదుటపడింది. కర్ర కిందికి దిగింది. చప్పుడు మాత్రం రాలేదు.

సెక్రటరీగారు వంగి చూశారు. కర్ర చివర నల్లగా, లావుగా రబ్బరు తొడుగు.

"నిన్న సాయంత్రం నేనే వేయించాను. జారిపడతారని," అన్నారు అమ్మాయిగారు, ఆయన చూపు గమనించి. తర్వాత అధికారి వైపు తిరిగారు. "పాపం, నాన్నగారికి ప్రశ్న అందినట్టు లేదండీ. ఆయన్ని ఇబ్బంది పెట్టడం దేనికి? ఇంతటితో ఆపేద్దామా?"

అధికారి కలం కాగితం మీదికి వెళ్లింది. అయ్యా, అది రబ్బరు మహిమ అని చెబుదామని సెక్రటరీగారు నోరు తెరిచారు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. కానీ కాలికి అలాంటి ఇబ్బందులేమీ లేవు. కొత్త బూటు మడమ చెక్క నేల మీద ఠక్కుమంది.

"ఓ, సరే అన్నారు," అని అధికారి రాసుకున్నాడు.

అమ్మాయిగారి నవ్వు కాస్త వాడింది. సెక్రటరీగారు చెమట తుడుచుకున్నారు. ఇందులో మోసమేముంది, కర్ర కొట్టింది కాబట్టే కదా కాలు కొట్టింది అని మనసుకు సర్దిచెప్పుకున్నారు. ఇప్పుడు ఆ చప్పుడు ఎవరిదో చెప్పే దారి మూసుకుపోయింది.

"రెండో విషయం. కోచ్‌గారిని ఇంకో ఏడాది కొనసాగించాలా?"

ఈసారి కర్ర లేవలేదు. పెద్దాయన గడ్డం ఛాతీని ఆనుకుంది. అమ్మాయిగారు కర్రను కన్నార్పకుండా చూస్తున్నారు. కోచ్‌ను ఉంచాలన్నది ఎప్పుడో అనుకున్నదే, పెద్దాయన చెప్పాల్సిందే తాను చెబుతున్నానని సెక్రటరీగారు మడమతో ఒక్కటి కొట్టారు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కాలికి అప్పటికే ఊపు వచ్చేసింది. ఇంకొకటి కొట్టింది.



"రెండు. అంటే వద్దు," అన్నాడు అధికారి.

కోచ్ లేచి నిలబడ్డాడు. "నేనేం తప్పు చేశానండీ?"

"కారణం నాకూ కావాలి. రాయాలి," అన్నాడు అధికారి, సెక్రటరీగారి వైపు చూసి.

కొంప మునిగింది. పొరపాటు జరిగిందంటే, తన నిర్ణయమేమిటో యజమానికే తెలియదని అధికారి రాసేస్తాడు. ఔను అంటే కోచ్ ఉద్యోగం పోతుంది. సెక్రటరీగారు కోచ్ ముఖం వైపు చూడకుండా గొంతు సవరించుకున్నారు. "పోయిన మ్యాచ్‌లో... కొత్త ఆటగాళ్లను ఆలస్యంగా దింపారని అయ్యగారి అభిప్రాయం."

"పోయిన మ్యాచ్ గెలిచాం కదండీ."

"గెలిచారు. ఇంకా ముందే గెలవాల్సిందని."

కోచ్ ఆయన వంక ఒక్క చూపు చూశాడు. "సరే. నేను పోతే మా అల్లుడూ పోతాడు. రేపు గోల్ ముందు కుర్చీ వేసుకోండి." జట్టు గోల్‌కీపర్ ఆ అల్లుడే. తలుపు ధడాలుమంది. కారిడార్‌లో కోచ్ ఫోనులో అల్లుడితో అరుస్తున్న అరుపులు లోపలికి వినిపించాయి.

మర్నాడు మ్యాచ్. కోచ్ లేడు, గోల్‌కీపర్ లేడు. ఈ సంగతి తలకెక్కగానే సెక్రటరీగారి కాలు పూర్తిగా స్వతంత్రమైపోయింది. ఆయన రెండు చేతులతో మోకాలిని అదిమిపట్టేలోపల ఠక ఠక ఠక ఠక అని వరసగా కొట్టేసింది.

"నాలుగు," అన్నాడు అధికారి. "నేనింకా ఏమీ అడగలేదే. నాలుగంటే ఏమిటి?"

"నాకు మూడు దాకానే తెలుసండీ. సెక్రటరీగారికి తెలుసేమో," అన్నారు అమ్మాయిగారు. ఆవిడ చూపు ఇప్పుడు కర్ర మీద లేదు.

సెక్రటరీగారు దిక్కుతోచక కిటికీలోంచి బయటికి చూశారు. ఎదురుగా మైదానం పచ్చగా పరుచుకుని ఉంది. "గడ్డి," అన్నారు. "అంటే... గడ్డి మార్చమని."

"రేపు మ్యాచ్ పెట్టుకునా?"

"అయ్యగారు ముందుచూపున్న మనిషి."

"నాన్నగారి మాట అంటే మాటే," అంటూ అమ్మాయిగారు అప్పటికే ఫోను తీశారు. "మైదానం మేస్త్రీ, గడ్డి మార్చమని నాన్నగారి ఆజ్ఞ. ఇప్పుడే. మళ్లీ ఎవరినీ అడగక్కరలేదు."

మైదానం మేస్త్రీ మూడేళ్లుగా గడ్డి మార్చాలని మొత్తుకుంటున్నాడు, పట్టించుకున్నవాడు లేడు. ఇవాళ అడగకుండానే వరం దొరికింది. మళ్లీ ఎక్కడ వద్దంటారోనని వెంటనే యంత్రం తెచ్చి పనిలోకి దిగాడు. సెక్రటరీగారి కళ్లముందే మైదానం ఒక మూలనుంచి చాప చుట్టినట్టు చుట్టుకుపోసాగింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది. ఒక్క మడమ ఎంత పని చేసింది అనుకున్నారు.

అధికారి కిటికీ దగ్గరకు వెళ్లి చూసి వచ్చాడు. ఏదో చాలాసేపు రాశాడు. అమ్మాయిగారు చీర చెంగు సర్దుకుని, పెద్దాయన కూర్చున్న కుర్చీని కొలత తీసుకుంటున్నట్టు చూశారు.

"ఆఖరి ప్రశ్న," అన్నాడు అధికారి. "అయ్యా, ఈ జట్టు బాధ్యత మీ అమ్మాయిగారికి అప్పగించడం మీకిష్టమేనా?"

రెండు కొట్టాలి. రెండే. తప్పో ఒప్పో, ఈ ఒక్కసారికి సరిగ్గా కొట్టగలిగితే బతికిపోతాను, తర్వాత జన్మలో బూట్లు వేసుకోను అని సెక్రటరీగారు మొక్కుకున్నారు. మోకాలి మీదనుంచి చేతులు తీశారు. కాలెత్తి కొట్టారు. ఠక్.

రెండోది రాలేదు.

ఇంతసేపూ అదిమిపట్టిన పుణ్యమా అని కాలు తిమ్మిరెక్కిపోయింది. పొద్దుననుంచి ఆపుదామంటే ఆగనిది, ఇప్పుడు కదలమంటే కదలడం లేదు. ఆయన బల్లకింద తొడ గిల్లుకున్నారు. గిల్లింది తనదో కుర్చీదో తెలియలేదు. ఆఖరికి రెండు చేతులతో కాలిని పట్టుకుని పైకెత్తబోయారు. మోకాలు బల్లకు తగిలి మంచినీళ్ల గ్లాసులు గలగలమన్నాయి తప్ప ఠక్కుమన్న చప్పుడు లేదు.

"ఒకటి. అంటే సరే," అంటూ అధికారి కలం ఎత్తాడు.

"రెండోది ఏదయ్యా?"

ఆ గొంతు ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. ఆ గదిలో ఆ గొంతు విని చాలా ఏళ్లయింది. పెద్దాయన కళ్లు తెరిచి సెక్రటరీగారి వంక చూస్తున్నారు.

"నా కర్రకి రబ్బరుంది. చప్పుడెక్కడినుంచి వస్తోందా అని ఇందాకటినుంచి వింటున్నాను. రెండోది కొట్టవేం?"

"కాలు... తిమ్మిరెక్కిందండీ," అన్నారు సెక్రటరీగారు. ఇక దాచడానికేమీ మిగల్లేదు. "తప్పయిపోయిందండీ. కోచ్‌ని తీసేసింది నేనే. గడ్డీ నేనే."

"మీకు మెలకువగానే ఉందా?" అన్నాడు అధికారి తెల్లబోయి. "మరి ఇంతసేపూ మాట్లాడలేదేమండీ?"

"నన్నెవరడిగారు? అందరూ కర్రనే అడుగుతున్నారు." పెద్దాయన కుర్చీలో నిటారుగా జరిగారు. "కోచ్‌ని లోపలికి పిలవండి. వాణ్ని ఎవరూ తీసెయ్యలేదు. ముందే గెలవాల్సిందన్న మాట మాత్రం నిజమే, అది నేను విడిగా చెబుతాను."

కోచ్ తలుపు బయటే ఉన్నాడు. పిలవకముందే లోపలికి వచ్చాడు.

"నాన్నగారూ, మరి గడ్డి?" అన్నారు అమ్మాయిగారు. "సగం మైదానం లేచిపోయింది. రేపు ఎక్కడ ఆడతారు?"

"సగం చుట్టాక మిగతా సగం ఎందుకు ఉంచడం? కానివ్వండి. ఎటూ మార్చాల్సిందే." ఆయన చెయ్యి చాపారు. సెక్రటరీగారు ఫోను కలిపి ఇచ్చారు. అవతల రేపటి మ్యాచ్ ఆడాల్సిన జట్టు యజమాని. ఆయనకు తొంభై అయిదు. అవతలాయనకు చెవుడు కాబట్టి ఆ సంభాషణకు గోడలు అదిరాయి.

"రేపు మీ మైదానంలో ఆడదాంరా. మాది తవ్వేశారు."

"ఎవరు?"

"మా సెక్రటరీ కాలు."

"సరే, రా. సీజను ఆఖర్న మాదీ తవ్విద్దాం, అప్పుడు మేమొస్తాం."

ఫోను పెట్టేశారు. లీగ్ కమిటీ ఏడాదంతా కూర్చున్నా తేలని మైదానం మార్పిడి అలా తేలిపోయింది. అధికారి నోరు కొంచెం తెరుచుకుని ఉండిపోయింది. పెద్దాయన కూతురి వైపు తిరిగారు.

"నీకెన్నేళ్లమ్మా?"

"అరవై ఎనిమిది, నాన్నగారూ."

"ఆ వయసులో కొత్త ఉద్యోగం ఎందుకు చెప్పు? నీ పిల్లలు ఏమనుకుంటారు?"

ఆయన కర్రను అందించి, ఆ రబ్బరు తీసిపెట్టమన్నారు. ఆవిడ నేల మీద కూర్చుని ఊడబీకారు. గట్టిగానే బిగించి ఉన్నట్టుంది, చాలాసేపు పట్టింది.

సెక్రటరీగారు లేచి నిలబడబోయి, కాలు తేలిపోయి మళ్లీ కూర్చున్నారు. "అయ్యగారూ, నా సంగతి..." అన్నారు. ఇల్లు, భార్య, చుట్టేసిన గడ్డి, అన్నీ ఒకేసారి కళ్లముందు తిరిగాయి.

పెద్దాయన కర్ర ఎత్తారు. ఒకటి కొడితే ఏమిటో, రెండు కొడితే ఏమిటో అసలు ప్రశ్నే అడగలేదు కదా అని సెక్రటరీగారికి అప్పుడు గుర్తొచ్చింది. ఠక్. ఠక్. కాసేపు ఆగి, ఠక్.

"మూడు," అన్నారు సెక్రటరీగారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కుంటుకుంటూనే కాఫీ తేవడానికి బయలుదేరారు.

ఆయన తిరిగివచ్చేసరికి అధికారి తీర్పు రాయడం పూర్తిచేసి, అందరికీ వినపడేట్టు చదువుతున్నాడు. యజమాని అన్నివిధాలా సమర్థులు, జట్టు వారి చేతిలోనే ఉండవచ్చు. అయితే వచ్చే సమావేశానికి సెక్రటరీగారి కుడికాలు హాజరు కానక్కరలేదు.