నిబంధనలకు లోబడిన డ్రోన్

"ఇకమీదట మన సంస్థలో ఏ మనిషీ కప్పెక్కి పగుళ్లు వెతకనక్కర్లేదు. ప్రభుత్వ నిబంధనలకు నూటికి నూరుపాళ్లూ లోబడిన డ్రోన్ కొంటున్నాం!" అని మా డైరెక్టరుగారు మైకు పట్టుకుని ప్రకటించారు. నేనక్కడ స్టోరుకీపర్ని. కొట్టిన చప్పట్లకి నా అరచేతులు వాచిపోయాయి.

నా సంతోషానికి సొంత కారణముంది. ఏటా వానలకి ముందు నాలుగంతస్తుల పైన ఆ ఏటవాలు కప్పు మీద పాకే మేస్త్రీ స్వయానా మా బావ. యాభై ఎనిమిదేళ్లొచ్చాయి. మోకాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. "ఈసారి మీ బావ కప్పెక్కితే, నేనొచ్చి నీ గుమ్మంలో కూర్చుంటాను తమ్ముడూ" అని అక్క చెప్పేసింది. అక్క అన్నంత పనీ చేస్తుంది.

డ్రోన్ వచ్చింది. వెనకే నిబంధనల ఆఫీసరుగారు స్క్రూడ్రైవరుతో వేంచేశారు. నిషేధిత దేశాల్లో తయారైన ముక్క ఒక్కటి కూడా ఉండకూడదని సర్క్యులరు. అది ఆయనకి కంఠతా వచ్చు.

"ఈ కెమెరా ఎక్కడిది?"

డ్రోన్ అమ్మినాయన చెవిలో చెప్పాడు.

"అమ్మో! పీకెయ్. మోటార్లు?"

"అక్కడివేనండి. నలుగురూ అన్నదమ్ములు."

"నాలుగూ పీకెయ్. బ్యాటరీ?"

"వాళ్ల మేనమామండి."

"ఆయన్నీ పంపించెయ్."

అమ్మినాయనకి ఏడుపొక్కటే తక్కువ. "ఇవన్నీ పీకేస్తే ఎగరదు కదండీ?"

"ఎగరాలని సర్క్యులర్లో ఎక్కడుందో చూపించు."

పాపం, నలభై రెండు పేజీలూ తిరగేశాడు. నిజంగానే ఎక్కడా లేదు. ఆ పాండిత్యం చూసి నాకు ఒళ్లు పులకరించింది. చివరికి ఒక తెల్లటి ప్లాస్టిక్ డొప్ప, దాని నాలుగు కాళ్లు మిగిలాయి. మూడు సీళ్లు వేసి సర్టిఫికెట్ ఇచ్చారు.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. రిబ్బను కత్తిరించి "ఏదీ, ఎగరేయండి" అన్నారు. అందరూ నేలచూపులు చూశారు. మా డైరెక్టరుగారు మాత్రం తొణకలేదు, బెణకలేదు.

"మాన్యువల్ మోడ్‌లో పెట్టండి!" అని ఆజ్ఞాపించారు.

ఆఫీసరుగారు కాస్త ఆలోచించి, "మాన్యువల్ అంటే చేత్తో చేసేదే కదండీ?" అన్నారు. అందరి చూపులూ బావ మీద పడ్డాయి.

బావ నా వైపు తిరిగాడు. "ఏమోయ్ బావమరిదీ, ఇదొస్తే నేను ఎక్కక్కర్లేదన్నావుగా?"

"నువ్వెక్కట్లేదు బావా, డ్రోన్ ఎక్కుతోంది. నువ్వు ఊరికే పట్టుకో."

ఆ మాటన్నందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

బావ డొప్ప నెత్తిన పెట్టుకుని నిచ్చెనెక్కాడు. కప్పు మీద పాకుతూ "ఇక్కడో పగులుందండోయ్!" అని అరిచాడు. 'డ్రోన్ పగులు కనిపెట్టినది' అని ఆఫీసరుగారు రిజిస్టర్లో రాశారు. మంత్రిగారు సాంకేతిక ప్రగతిని మెచ్చుకుని, టీ తాగి వెళ్లిపోయారు.

దిగేటప్పుడు, ఇంకా ఐదు మెట్లున్నాయనగా, నిచ్చెన జారింది. బావకి ఒక కాలు విరిగింది. డ్రోన్‌కీ ఒక కాలే విరిగింది.

అక్క మాట తప్పలేదు, మా గుమ్మంలో కూర్చుంది. పచ్చి మంచినీళ్లైనా ముట్టనంది. బావకి ఆరు వారాల సెలవు కావాలని దరఖాస్తు రాసి, పిండికట్టు ఫొటో జతచేసి, నేనే ఆఫీసులో ఇచ్చాను.

మర్నాడే జవాబొచ్చింది. మా ఆఫీసులో ఇంత చురుకుదనం నేనెన్నడూ చూడలేదు.

"రిజిస్టరు ప్రకారం ఆ రోజు కప్పు మీదికి వెళ్లినది మానవ రహిత విమానము. అందు మనిషి లేడు. లేని మనిషికి కాలు విరుగుట అసంభవము. సెలవు నిరాకరించడమైనది. కాలు విరిగిన డ్రోన్‌కు ఆరు వారాలు పూర్తి విశ్రాంతి మంజూరు చేయడమైనది. అంతవరకు మిగిలిన కప్పును మేస్త్రీ చూడవలెను."