నూరో గొంతు

పెద్ద డాక్టరుగారు ఒక మాట చెప్పాక దాని మీద ఇంకో డాక్టరును అడగడం సభ్యసమాజంలో జరగకూడని పని అని మా అన్నయ్య ప్రకటించాడు. ప్రకటించాడని ఊరికే అనడం లేదు. కుర్చీలోంచి లేచి, చొక్కా అంచులు లాగి సర్దుకుని, గోడ గడియారం వైపు చూస్తూ చెప్పాడు. అన్నయ్య వాకింగ్ క్లబ్బుకు కార్యదర్శి. కూర్చుని చెప్పిన మాట తనకే నమ్మబుద్ధి కాదు.

ఆ సభలో ఉన్నది నలుగురం. అన్నయ్య, వదిన, మూడేళ్ల కూతుర్ని ఒళ్లో పెట్టుకుని నేను, ఎవరి గొంతు గురించి సభ జరుగుతోందో ఆ మా నాన్న.

నాన్న కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే మెకానిక్కు. నలభై ఏళ్లు ఆ మోతలో మాట్లాడినవాడు కాబట్టి నాన్న గుసగుసలాడినా వీధి చివరికి వినపడేది. ఆ గొంతు మూడు నెలల కిందట బొంగురుపోయింది. జలుబన్నాం. తిన్నదేదో పడలేదన్నాం. చివరికి ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలింది. పెద్ద డాక్టరుగారు ఫైలును ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి తిరగేసి, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. మెడకు ముందువైపు రంధ్రం పెడతారట. ఊపిరి దానిగుండానే తీసుకోవాలట. మాట ఇక ఉండదట. ఆపరేషను వచ్చే గురువారం.

ఇదంతా ఆయన అన్నయ్యకు చెప్పారు. నాన్న పక్క కుర్చీలోనే ఉన్నాడు. రోగి ఎదురుగా ఉన్నప్పుడు రోగి గురించి బంధువులతో మాట్లాడడం ఆ ఆస్పత్రి మర్యాద. నాన్నను ఆయన అడిగింది ఒక్కటే, కుర్చీ కాస్త వెనక్కి జరపగలరా అని.

నేను చదివింది తొమ్మిదో తరగతి సగం దాకా. అమ్మ మంచం పట్టడంతో మిగతా సగం వంటింట్లో చదివాను. అందుకని పెద్ద మాటలు రావు. ఇంకోచోట కూడా చూపిద్దాం అన్నయ్యా, అని మాత్రం అన్నాను. దానికే తను లేచి నిలబడ్డాడు.

పెద్ద డాక్టరుగారు తమ క్లబ్బుకు గౌరవాధ్యక్షులట. పొద్దున్నే తన పక్కనే నడుస్తారట, అదీ మాట్లాడుతూ నడుస్తారట. అలాంటి మనిషిని అనుమానిస్తే రేపు పార్కులో తను ఎవరి పక్కన నడవాలట. పైగా మనకు తెలియని సంగతి ఇంకొకటి ఉందని గొంతు తగ్గించాడు. ఆయన ఇప్పటిదాకా తొంభై తొమ్మిది స్వరపేటికలు తీశారు. గురువారంతో నూరు పూర్తవుతాయి. క్లబ్బువాళ్లు సన్మానం తలపెట్టారు, బ్యానర్ కూడా తయారైంది.

"నూరోవాడు మన నాన్న. ఎంతమందికి దక్కుతుంది ఆ అవకాశం?" అన్నాడు అన్నయ్య.

వదిన తల ఊపింది. మా అమ్మాయి కూడా ఊపింది, అది అందరినీ చూసి ఊపుతుంది.

మరి నాన్న మాట సంగతి ఏమిటని అడిగాను.

"మాట పోతే ఏమైంది? మాట్లాడడానికి నేను లేనూ?"

ఆ ఒక్క విషయంలో అన్నయ్యను ఎవరూ అనుమానించలేరు.

మర్నాడు పిల్లకు అన్నం పెడుతుంటే నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వచ్చిన ఆ కాస్త గొంతుతోనే అన్నాడు: "మూత విప్పకుండానే మోటారు కాలిపోయిందని చెప్పేవాళ్లను చాలామందిని చూశాను తల్లీ. విప్పి చూసేవాడు ఒక్కడుంటే చూడు. చూశాక తీసేయాలంటే తీయించుకుంటాను."

నేను పిల్ల రెండుసార్లు తుమ్మితే మూడో తుమ్ముకు ఆస్పత్రిలో ఉండే రకం. నాకు అంతకంటే చెప్పాలా?

ముందు పెద్ద డాక్టరుగారినే మర్యాదగా అడుగుదామని వెళ్లాను. ఆయన కోప్పడలేదు. జాలిపడ్డారు. రెండో అభిప్రాయం ఎందుకమ్మా, నీకు ఐదు అభిప్రాయాలిస్తాను అంటూ ఒక కాగితం చేతిలో పెట్టించారు. పైన 'నిపుణుల బోర్డు తీర్మానం' అని ఉంది. ఐదుగురు నిపుణులు కూర్చుని, స్కానింగ్‌ను కూలంకషంగా పరిశీలించి, ఏకగ్రీవంగా స్వరపేటిక తొలగించాలని తీర్మానించారట. కింద ఐదు సంతకాలు. ఐదూ ఒకే పెన్నుతో, ఒకదాని కింద ఒకటి, తినుబండారాల ప్లేటు పక్కన పెట్టుకుని చేసినట్టు కాగితం మీద నూనె మరక.

నాకు స్కానింగ్ చదవడం రాదు. కానీ టీకాల కార్డు చదవడం వచ్చు. ఏ టీకా ఏ తేదీన పడింది, ఏది ముందు, ఏది వెనక అని మూడేళ్లుగా ఆ కార్డు పట్టుకుని నిద్ర మానుకున్నదాన్ని. తీర్మానం మీద తేదీ నాలుగు. స్కానింగ్ మీద తేదీ ఆరు. అంటే నాన్నకు స్కానింగ్ తీయడానికి రెండు రోజుల ముందే ఐదుగురు నిపుణులూ దాన్ని కూలంకషంగా పరిశీలించారు. విజ్ఞానం ఇంత ముందుకు పోయిందని నాకు అప్పటిదాకా తెలియదు.

కాగితం ఇచ్చిన గుమాస్తాకు తేదీలు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, అది చిన్న టైపు పొరపాటన్నాడు. ఏ తేదీ పొరపాటండీ అని అడిగితే, మీకు ఏది పొరపాటైతే బాగుంటుందో చెప్పండి, దిద్దిస్తాను అన్నాడు. మంచి మనిషి.

ఇంకో ఆస్పత్రికి వెళ్లాలంటే ముక్క పరీక్ష చేసిన గాజు పలకలు కావాలని ఆస్పత్రి మెట్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ చెప్పింది. ఆవిడ భర్త కోసం అలాగే తిరిగిందట. లాబొరేటరీ కిటికీ దగ్గరికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి ఒక ఫారం ఇచ్చాడు. అందులో 'కారణం' అని ఒక గడి. రెండో అభిప్రాయం కోసమని రాయబోతే ఆపాడు.

"అలా రాస్తే సార్ సంతకం కావాలమ్మా. సార్ మీద నమ్మకం లేదని మీరు రాస్తే సార్ సంతకం పెట్టరు. నమ్మకం ఉందని రాస్తే, ఉన్నప్పుడు పలకలెందుకని నేను ఇవ్వను."

మరి ఎలా రాయాలని అడిగాను. ఇలాంటి ప్రశ్న తనను ఇంతవరకు ఎవరూ అడగనట్టు సంతోషపడి, నిబంధనల పుస్తకం తెరిచాడు. వేలు పెట్టి చాలా పేజీలు దిగాడు. చివరికి దొరికింది. ఇంట్లో దాచుకోవడానికైతే ఎవరి సంతకమూ అక్కర్లేదు, కుటుంబ సభ్యుల వేలిముద్ర చాలు. 'జ్ఞాపకార్థం' అని రాశాను. మా నాన్న గొంతులోంచి తీసిన ముక్కను షోకేసులో పెట్టుకోవడానికి ఆ ఆస్పత్రికి ఏ అభ్యంతరమూ లేదు. ఇంకో డాక్టరు చూడడానికే ఉంది.

పలకల పెట్టెను పిల్ల బట్టల సంచిలో అడుగున పెట్టాను. అన్నయ్యతో పిల్లకు టీకా వేయించాలి, నాన్నను తోడు తీసుకెళ్తున్నాను అని అబద్ధం చెప్పాను. ఈ కథలో అబద్ధాలు చెప్పనివాళ్లు తక్కువేనని మీరే గమనించి ఉంటారు, నన్ను మినహాయించనక్కర్లేదు.

మేం వెళ్లింది ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి. గోడల రంగు ఎప్పుడో ఊడిపోయింది. బల్లల మీద మాకు ముందు ముప్పై మంది. మా అమ్మాయి అందరి చీటీల మీది అంకెలూ తప్పు తప్పుగా చదివి వినిపించింది. మధ్యాహ్నం దాటాక మా వంతు వచ్చింది. లోపల ఉన్న డాక్టరమ్మ చెప్పులు విప్పేసి, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నేను ఫైలు అందించబోతే అక్కడ పెట్టమని చెప్పి, నాన్న వైపు తిరిగింది.

"చెప్పండి నాన్నగారూ. ఏమిటి ఇబ్బంది?"

నాన్న నా వైపు చూశాడు. తనను అడుగుతున్నారని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. మూడు నెలల్లో అంత మాట్లాడగా నేను వినలేదు. ఆవిడ మధ్యలో ఆపలేదు. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, 'ఈ' అనండి, ఇప్పుడు ఊపిరి పీల్చండి, మళ్లీ 'ఈ' అనండి అంటూ చాలాసేపు లోపల చూసింది. గాజు పలకలను కింది గదికి పంపించింది. రెండు రోజులాగి రమ్మంది.

రెండు రోజుల తర్వాత కూడా నాన్నకే చెప్పింది. క్యాన్సరే, అందులో తేడా లేదు. కానీ గొంతులో మాట పలికించే తీగలు రెండుంటే ఒకదాని మీదే ఉంది, రెండూ ఇంకా కదులుతున్నాయి. ఈ దశలో పేటిక తీసేయనక్కర్లేదు. ఏడు వారాలు రేడియేషను, అదే కరెంటు, పెట్టించుకుంటే గొంతు నిలబడే అవకాశం బాగా ఉంది. నిలబడకపోతే అప్పుడు ఆపరేషను గురించి మాట్లాడుకుందాం, నెలనెలా రావాలి, బద్ధకిస్తే ఊరుకోను అంది.

"మీరేమంటారు?" అని అడిగింది.

"ఇన్నాళ్లకు అడిగారు," అన్నాడు నాన్న.

సంగతి తెలిశాక అన్నయ్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పార్కుకు కూడా వెళ్లలేదు. ఆపరేషను రద్దు చేసుకోవడానికి వెళ్లినప్పుడు పెద్ద డాక్టరుగారు ఏమన్నారో తను చెప్పలేదు. గురువారం నాటికి నూరో మనిషి దొరికాడని మాత్రం వదిన ద్వారా తెలిసింది. దొరకడం పెద్ద కష్టం కాలేదట. ఆ మనిషి ఎవరో, ఆయన తరఫున తేదీలు చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారో నాకు తెలియదు. ఇప్పటికీ నేను పిల్ల తలమీద చెయ్యి వేసి జ్వరం చూసేటప్పుడు ఆ మాట గుర్తొస్తుంది.

ఏడు వారాలు గడిచాయి. నాన్న మెడ నల్లబడింది, మింగడం కష్టమైంది, చిక్కి సగమయ్యాడు. ఆ పైన మూడు నెలలకు డాక్టరమ్మ లోపల చూసి, ప్రస్తుతానికి శుభ్రంగా ఉందని చెప్పింది. గొంతు మునుపటంత లేదు, కొంచెం గరుకు. కానీ మాట మాటే.

నాన్న మాట్లాడుతున్నాడన్న వార్త వాకింగ్ క్లబ్బు దాకా పోయింది. అక్కడినుంచి అది తిరిగొచ్చేసరికి దాని ఆకారం మారిపోయింది. రెండో అభిప్రాయం తీసుకోమని సూచించిన విశాల హృదయులు పెద్ద డాక్టరుగారట. ఆ సూచనను శిరసావహించి, తండ్రిని భుజాన మోసుకుని తిరిగిన కొడుకు మా అన్నయ్యట. 'రెండో అభిప్రాయం – రోగి హక్కు' అని క్లబ్బు తరఫున సభ పెట్టారు. ముఖ్య అతిథి పెద్ద డాక్టరుగారు. నిర్వహణ అన్నయ్య. వేదిక మీద ప్రదర్శనకు నాన్న. మూడో వరుసలో, పిల్ల ఏడిస్తే బయటికి వెళ్లడానికి వీలుగా చివరి కుర్చీలో నేను.

పెద్ద డాక్టరుగారు రోగి హక్కుల మీద ముప్పావుగంట మాట్లాడారు. రోగి మాట వినని వైద్యుడు వైద్యుడే కాడన్నారు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నాన్న అనుభవాలు అన్నయ్య చదువుతాడని ప్రకటించారు. అన్నయ్య జేబులోంచి మూడు పేజీలు తీశాడు. ఈలోగా నాన్న లేచి మైకు అందుకున్నాడు.

"నా గొంతు తీసేయాలన్న డాక్టరుగారు వీరు," అన్నాడు, పక్కన చూపిస్తూ. "తీసేయించుకోమన్న మా అబ్బాయి వీడు. ఇంకోచోట అడుగుదామన్నది అక్కడ పిల్లనెత్తుకుని కూర్చున్న మా అమ్మాయి."

పెద్ద డాక్టరుగారి నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసేవాళ్లు లేక. అన్నయ్య రెండో మైకు అందుకున్నాడు. నాన్నగారి గొంతు ఇంకా పూర్తిగా కుదుటపడలేదని, మాట స్పష్టంగా రావడం లేదని, ఆయన చెప్పదలుచుకున్నది ఏమిటంటే డాక్టరుగారి సలహా, కుటుంబ సహకారం లేకపోతే తాను ఈరోజు ఇలా నిలబడేవాణ్ణి కానని, ఆ కృతజ్ఞతలో గొంతు పూడుకుపోయిందని సభకు వివరించాడు.

చప్పట్లు మోగాయి. ముందు కొట్టింది పెద్ద డాక్టరుగారే. అన్నయ్య ఆప్యాయంగా నాన్న చేతిలోని మైకు పట్టుకున్నాడు.

నాన్న వదల్లేదు. చప్పట్లన్నీ ఆగేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. వెనక తలుపు దగ్గరున్నవాళ్ల వైపు చూసి, అక్కడికి వినపడుతోందా అని అడిగాడు. వినపడుతోందని ఎవరో చెయ్యి ఎత్తారు.

"అయితే మా అబ్బాయికే వినపడలేదన్నమాట," అన్నాడు నాన్న. "మళ్లీ చెప్తాను," అని, డాక్టరుగారి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.