జమేదార్‌కు ఒక అర్ర

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో ఇప్పటికీ తడబాటే. ఒక పేజీ రాసేలోగా పొయ్యి మీద పప్పు మాడుతుంది. తప్పులుంటే మన్నించి మెల్లగా చదవండి. నేనూ మెల్లగానే రాశాను.

ఈరయ్యకు ఈ లోకంలో మూడు భయాలు: పాము, పాస్టరు, పెండ్లాం. ఆ సాయంత్రం నారాయణఖేడ్‌లో ఆటో దిగేసరికి మొదటి రెండూ మర్చిపోయాడు.

పక్కన భార్య సాలమ్మ. ఆమె కళ్ళకు పొరలొచ్చాయి. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, రెండోది మసక. మర్నాడు పొద్దున్నే దవాఖానలో ఆపరేషన్. ఆమె చేతిలో తాడు, తాడు చివర జమేదార్. అది కుక్క. చూపు తగ్గినప్పటి నుంచి బావి గట్టు తప్పించి, ముళ్ళు తప్పించి ఆమెను నడిపించేది అదే.

"దీనికి జాగ దొరకకుంటే గీ ఆటోలనే వాపస్ పోత. కన్ను పోతే పోనీ," అంది సాలమ్మ.

ఈరయ్యకు తెలుసు, ఈ మనిషి అన్నదంటే చేస్తుంది. ఇంకా ఆలస్యమైతే తన చేతుల్లో లేదని డాక్టరు ముందే చెప్పాడు.

మొదటి లాడ్జిలో కుక్కను చూసి తలుపు వేశారు. రెండో చోట చీపురు తీశారు. మూడో చోట జమేదార్ వాచ్‌మన్ కుర్చీలో కూర్చుంది, వాచ్‌మన్ గోడెక్కాడు.

ఇక మిగిలింది గొళ్ళెం సలోమమ్మ ఇల్లు. రోగులకు అర్రలు కిరాయికి ఇస్తుంది. తలుపుకు రెండు గొళ్ళేలు, నోటికి ఒక్కటీ లేదు. అందుకే ఆ పేరు.

"అడుగుదాం," అంది సాలమ్మ.

"అడిగితే కాదంటది. నువ్వు అరుగు మీద కూసో, నేను చూసుకుంట."

"నువ్వు చూసుకుంట అంటేనే నాకు భయం."

ఈరయ్య జమేదార్‌ను గొంగడిలో చుట్టి భుజాన వేసుకుని లోపలికి నడిచాడు.

"అక్కా, మా అత్త. జోరు జ్వరం. గాలి తగలొద్దన్నరు."

"అత్తనా? గింత సన్నగున్నదేంది?"

"ముసలిది గదక్కా. అరిగిపోయింది."

సలోమమ్మ అర్ర చూపించి బయటికి వెళ్ళింది. ఈరయ్య అత్తను మంచం మీద పడుకోబెట్టి చెమట తుడుచుకున్నాడు. గెలిచాననుకున్నాడు. కానీ ఒక సంగతి మర్చిపోయాడు. ఆ గల్లీలో రోగిని ఊరికే వదలరు. కాసేపటికే తలుపులో సలోమమ్మ, వెనక నలుగురు ఆడవాళ్ళు, ఒకామె చేతిలో కంజీర.

"ముసలమ్మకు ప్రార్థన చేస్తం, జరుగు."

"వద్దక్కా, అంటు జ్వరం!"

"ప్రార్థనకు అంటదు. మోకరించు."

మోకరించాడు. జన్మలో అంత నిజాయితీగా ఎన్నడూ ప్రార్థించలేదు: ప్రభువా, ఈ కుక్క నోరు మూయించు.

సలోమమ్మ గొంగట్లో చెయ్యి పెట్టింది. "ముక్కు సల్లగున్నది! జ్వరం దిగుతున్నది! పాటెత్తుండ్రి!"

ఈరయ్య పైప్రాణాలు పైనే పోయాయి. ఊళ్ళో ఆదివారం పాటెత్తితే చాలు, జమేదార్ చర్చి బయట నిలబడి శ్రుతి కలుపుతుంది. దానికి భయపడే పాస్టరు రెండు చరణాలతో ముగిస్తాడు.

కంజీర మోగింది. గొంగట్లోంచి "ఊ... ఊఊఊ" అని రాగం లేచింది.

"పాడుతున్నది! ముసలమ్మ లేస్తున్నది!"

లేచింది, నాలుగు కాళ్ళ మీద. గొంగడి జారింది. ఒకామె కిటికీ ఎక్కింది, కంజీర అటకెక్కింది, ఈరయ్య మంచం కింద దూరాడు.

"మీ అత్తకు తోక ఎప్పటిసంది?" సలోమమ్మ గొంతు.

గోడ తడుముకుంటూ సాలమ్మ లోపలికి రావడం మంచం కింద నుంచి కనిపించింది. ఇక అయిపోయింది, ఆటో ఎక్కుతుంది, కన్ను పోతుంది అనుకున్నాడు. బయటికి పాకి చేతులు జోడించాడు.

"అక్కా, నన్ను ఎల్లగొట్టు. కుక్కను ఉండనియ్యి. లేకుంటే నా పెండ్లాం వాపస్ పోతది."

సలోమమ్మ పకపకా నవ్వింది. "కుక్కను వద్దని నేనెప్పుడన్న? మొన్న ఒకాయన మేకపిల్లతోటి ఉన్నడు. వీళ్ళను పిలవబోతుంటే నీ పెండ్లాం అరుగు మీదనే అడిగింది, సరే అన్న. మీ అత్త ఎట్ల పాడుతదో చూద్దామని ఊకున్న."

"మా అమ్మ సచ్చి ఎన్నేండ్లాయె!" అంది సాలమ్మ. "గొంగట్ల సుట్టి తెచ్చినవా ఆమెను?"

"కుక్కకు అర్ర ఉన్నది," సలోమమ్మ తీర్పు చెప్పింది. "అబద్ధాలాడెటోనికి అరుగున్నది." రెండు గొళ్ళేలూ పడ్డాయి. గొంగడి కూడా జమేదార్‌కే పోయింది.

ఆపరేషన్ అయ్యి పట్టీ విప్పినప్పుడు సాలమ్మకు మొదట కనిపించింది ఈరయ్యే. దోమలు కుట్టి ముఖం బూరెలా ఉబ్బింది.

"గీ ముసలోడెవలు?"

"నేనేనే! కనిపిస్తున్ననా?" ఈరయ్య కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "నీ కండ్ల కోసం ఎంత పరేషాన్ అయిన..."

"కనిపించినవు తియ్యి. ఇగ జరుగు, జమేదార్‌ను చూడనియ్యి."

ఆ కళ్ళతోనే తర్వాత అక్షరాలు నేర్చుకుని ఇదంతా రాశాను.

సాలమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు నారాయణఖేడ్‌లో, సలోమమ్మ ఇంట్లో ఆ అర్రలోనే ఉంటున్నాను. ఈరయ్య పోయాక అరుగు మాత్రం ఖాళీ.