బంగాళాదుంపల పటాలం

మొన్న శనివారం మా ఇంట్లో బంగాళాదుంప తొక్క మీద యుద్ధం జరిగింది.

మా ఆయన హెరాల్డ్ గారు వంటింట్లోకి వచ్చి, నేను చెక్కి పడేసిన తొక్కల్లోంచి ఒకదాన్ని రెండు వేళ్లతో ఎత్తి, కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. చౌక్తడా పేటలో ఓడల ఏజెంటు ఆఫీసులో కాగితాలు తనిఖీ చేసే మనిషి ఆయన. సెలవు రోజున కాగితాలు దొరక్కపోతే తొక్కలైనా తనిఖీ చేస్తారు.

"మందంగుంది రాణీ," అన్నారు.

ఎంత ఉండాలో సెలవియ్యమన్నాను. తొక్క వెనక పేపరు పెడితే అక్షరాలు కనబడాలట. ఈ కొలత ఎవరు పెట్టారని అడిగాను. సార్జెంటు పెట్టాడట. ఏ సార్జెంటు? ముందువారం చూసిన సినిమాలో సార్జెంటు! కత్తి ఆయన చేతికిచ్చి, చెక్కి చూపించమన్నాను. టీవీ రిమోటు ఎక్కడ పెట్టారో ఆయనకు సరిగ్గా అప్పుడే గుర్తుకు రాలేదు. వెతకడానికి వెళ్లిపోయారు.

పాఠకులారా, నన్ను ఓదార్చడానికి తొందరపడకండి. ఇది ఫిర్యాదు కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి నలుపు తెలుపు మిలిటరీ కామెడీలు ప్రతి కుటుంబానికీ అత్యవసరమని నిరూపించడానికే కలం పట్టాను. ఫ్రిజ్ లేకపోయినా సంసారం సాగుతుంది. కరెంటు సరిగ్గా రాని మా పాత రంగూన్, ఇప్పటి యాంగోన్‌లో ఫ్రిజ్ ఎటూ బీరువాగానే పనిచేస్తోంది. కానీ సార్జెంటు లేని ఇల్లు ఒక ఇల్లేనా?

ఒక్కటే చిన్న చిక్కు. శనివారం సాయంత్రం సినిమా వేళకే మా తెలుగు బాప్టిస్టు చర్చిలో ఆడవాళ్ల పాటల ప్రాక్టీసు ఉంటుంది. రాబోయే కృతజ్ఞత పండుగకు మా అమ్మాయి మిరియమే నేర్పిస్తోంది. నేను కాలేజీ రోజుల నుంచీ ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది స్వరం, పాడేదాన్ని. "అమ్మా, ఆల్టోకి ఒక్కలూ నేరు. నువ్ రాపోతే ఆ పాటే తీసేస్తాను," అని మిరియం చెప్పేసింది. వెళ్లాలని నాకు మాత్రం లేదా? కానీ సినిమాకి ఆయన స్నేహితులు వస్తారు. స్నేహితులకు బంగాళాదుంప బజ్జీలు కావాలి. పాట గొప్పదా, బజ్జీ గొప్పదా? ఇలాంటి చిన్న విషయాలకు ఒక మహత్తర కళను తప్పుపట్టవచ్చునా?

మీరు ఈ సినిమాలు చూడలేదా? కంగారు లేదు. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. ఊరికే బూట్లిస్తున్నారని విని ఇద్దరు తెలివితక్కువవాళ్లు క్యూలో నిలబడతారు. అది సైన్యంలో చేర్చుకునే క్యూ! మెడ లేని సార్జెంటు ఒకడు వాళ్ల మొహంలో మొహం పెట్టి అరుస్తాడు. ఎవరో ఒకరు బురదలో పడతారు. ఎవరూ పడకపోతే జనరలే పడతాడు. శత్రువు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా కనిపించడు. ఇంత మొహమాటస్తుడైన శత్రువు మీకు మరెక్కడైనా దొరుకుతాడా?

అప్పుడు ఏ కారణమూ లేకుండా గుడారం వెనక నుంచి బ్యాండు మొదలవుతుంది. స్వింగ్ అంటారు దాన్ని. బాకాలూ, శాక్సఫోన్లూ, డ్రమ్ములూ కలిసి మనిషి భుజాలను ఆ మనిషి అనుమతి లేకుండానే ఊపేసే సంగీతం. టోపీలు పెట్టుకున్న ముగ్గురు ఆడవాళ్లు ఒకే మైకు ముందు చేరి గొంతులు కలుపుతారు. పటాలమంతా గంతులేస్తుంది. ఈ ముగ్గురినీ గుర్తుపెట్టుకోండి, వీళ్లతో పనుంది.

మా అత్తగారు గ్రేసమ్మ గారికి మొదట్లో ఈ సినిమాలు నచ్చలేదు. ఆవిడ తాత బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోసే రోజుల్లో అదే యుద్ధం మా ఊరికీ వచ్చింది మరి.

"మా యమ్మ సెప్పిన యుద్ధంలో పాటల్నేవురా," అన్నారు కొడుకుతో. "బాంబులు పడ్డాయి, పరిగెత్తినారు. అంతే."

అది అసలు యుద్ధమనీ, ఇది మంచి యుద్ధమనీ హెరాల్డ్ గారు ఓర్పుగా వివరించారు. అత్తగారు కాసేపు ఆలోచించి, అయితే మనూరికి ఇదే రావలసిందని తేల్చారు. ఇప్పుడు ముందు కుర్చీ ఆవిడదే.

ఇక లాభాలంటారా, ఎన్నని చెప్పను!

నీళ్ల సంగతే తీసుకోండి. కరెంటు రాగానే మా వీధి వీధంతా "మీ లా బ్యీ" అని కేకేస్తుంది, బర్మా భాషలో కరెంటొచ్చిందని. అందరూ పరుగున మోటారు వేసి నీళ్లు పైకి ఎక్కించుకుంటారు. మా ఇంట్లో మోటారూ టీవీ కలిపి వేస్తే ఫ్యూజు పోతుంది. కనుక టీవీ వేస్తాం. నీళ్లు నేను కింది అంతస్తులో ఉండే బర్మా ఆవిడ డా మ్యింట్ గారింటి నుంచి బకెట్లతో మోసుకొస్తాను. జిమ్ముకు వెళ్లే ఆడవాళ్లను చూస్తే నాకెంత జాలో! పాపం, ఫీజు కట్టి మరీ ఖాళీ చేతులతో మెట్లెక్కుతారు.

భక్తి కూడా పెరిగింది. హెరాల్డ్ గారూ, ఆయన స్నేహితుడు పీటర్ గారూ చర్చిలో మగవాళ్ల వరసలో పాడతారు. పోయిన నెల ఒక ఆదివారం, కళ్లు మూసుకుని నిదానంగా పాడవలసిన కీర్తనలో, ఆయన భుజం కదిలింది. పక్కన పీటర్ గారి వేళ్లు చిటికె వేశాయి. చివరి చరణం వచ్చేసరికి వెనక బెంచీలు కూడా కాళ్లతో తాళం అందుకున్నాయి. పాస్టరు గారు తలెత్తి చూసి, మళ్లీ పాటల పుస్తకంలోకి తల దించారు. ఆ రోజు కానుకల సంచి కూడా ఉత్సాహంగా తిరిగిందని విన్నాను.

శనివారం సాయంత్రం అయ్యేసరికి, వీధిలోకి వేలాడే తాడును ఎవరో కింద నుంచి లాగితే మా బాల్కనీలో గంట మోగుతుంది. కింద పీటర్ గారు, ఆయన వెనక మూడో స్నేహితుడు యర్రయ్య గారు. యర్రయ్య గారు గంజాం వాళ్లు, గుడికి వెళ్లే మనిషి. మతాలు వేరైనా సార్జెంటు ఒక్కడే! ఈ ఐకమత్యాన్ని ఏ సంఘమైనా సాధించిందా? ముగ్గురూ ఒకే చోట నవ్వుతారు, ఒకే పళ్లెంలో చెయ్యి పెడతారు, ఒకే గొంతుతో చట్నీ అడుగుతారు.

తొక్క యుద్ధం జరిగిన సాయంత్రం కూడా అలాగే వచ్చారు. ఆ సినిమాలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఏమిటో తెలుసా? శిక్ష! హీరో పొరపాటున జనరల్ గారి టోపీని తుపాకీతో పేలుస్తాడు. సార్జెంటు అతన్ని వంటగుడారంలోకి తోసి, బంగాళాదుంపల కొండ ముందు కూర్చోబెడతాడు. అతను చెక్కుతూనే ఉంటాడు. కొండ తరగదు. తరిగేలోపు ఇంకో బస్తా వచ్చి పడుతుంది. యర్రయ్య గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. పీటర్ గారికి పొలమారింది. హెరాల్డ్ గారు కళ్లు తుడుచుకుంటూ, ఇంతకంటే నవ్వొచ్చేది ప్రపంచంలో లేదన్నారు.

వాళ్ల వెనకాలే నేను బేసిన్ ముందు పెట్టుకుని బంగాళాదుంపలు చెక్కుతున్నాను. నన్ను చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు. మర్యాదస్తులు!

హీరోకి ఆ తరవాత గిన్నెలు తోమే శిక్ష పడింది. నేల తుడిచే శిక్ష పడింది. ముడత లేకుండా దుప్పటి పరిచే శిక్ష పడింది. అన్నీ చూశాను. అది నా ఉదయం! తేడా ఏమైనా ఉందంటే, అతన్ని రెండు నిమిషాల్లో బ్యాండు వచ్చి విడుదల చేసింది. ఇంతకీ అతను చేసిన నేరం టోపీ పేల్చడం. మరి నాది? నేను నిజాయితీగా గతంలోకి వెళ్లి వెతికాను. ఇన్నేళ్ల కాపురంలో ఏ జనరల్ టోపీనీ ముట్టుకున్న జ్ఞాపకం లేదు.

అప్పుడు వచ్చారు తెర మీదకి ఆ ముగ్గురు ఆడవాళ్లు. నవ్వుతూ వచ్చారు, పాడారు, వెళ్లిపోయారు. మధ్యలో ఆవిడ పాడేది ఆల్టో. చట్నీ ఏదని వాళ్లనెవరూ అడగలేదు. మైకు వదిలి వెళ్లి స్టవ్ చూసిరమ్మని ఏ సార్జెంటూ చెప్పలేదు. ఈ సినిమాలు కుటుంబానికి అత్యవసరమని నేను ఊరికే అన్నానా?

మర్నాడు చర్చి నుంచి వచ్చి అందరం భోజనానికి కూర్చున్నాం. ఎండుచేపల పులుసు వడ్డిస్తూ నా నిర్ణయం ప్రకటించాను. వచ్చే శనివారం నుంచి ఈ ఇంట్లో పూర్తి మిలిటరీ పద్ధతి! హెరాల్డ్ గారి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు నాకు సినిమా అర్థమైందన్నారు.

అర్థమైంది కనుకే వివరంగా చెప్పాను. కరెంటు రాగానే ముందు మోటారు, తరవాతే టీవీ. సినిమా యథాప్రకారం ఉంటుంది. బజ్జీలు కూడా ఉంటాయి. బంగాళాదుంపల కొండ మాత్రం వంటింట్లోంచి టీవీ ముందుకు వస్తుంది. హెరాల్డ్, పీటర్, యర్రయ్య గార్లు తెర మీది హీరోతో పాటు చెక్కుకుంటారు, వాళ్లే వేయించుకుంటారు. ఆ వేళకు నేనూ మిరియం చర్చిలో పాడుతుంటాం.

మిరియం అన్నం కలపడం ఆపి నావైపు చూసింది.

"నానూ వొత్తాను," అన్నారు అత్తగారు. "ముగ్గురుండాల గదా."

హెరాల్డ్ గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తల్లి వైపు చూశారు, కూతురి వైపు చూశారు. చివరికి నావైపు తిరిగారు.

"నానేటి నేరం సేసాను రాణీ?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలిసిన రోజున ముందు ఆయనకే చెబుతానన్నాను.

అత్తగారు కళ్లజోడు తీసి, మడిచి, పళ్లెం పక్కన పెట్టారు. అది లేకపోతే ఆవిడకు ఎదురుగా ఉన్న కొడుకే సరిగా కనిపించడు.

"తొక్క పల్సగా తియ్యిరా," అన్నారు. "నానొచ్చి దాని ఎనకాల పేపరెట్టి సదూతాను. అద్దాలు నేకుండా."