ఆవకాయ కత్తి ఆంక్షాపర్వము

స్వస్తి! శ్రీ బహుధాన్య నామ సంవత్సర వైశాఖ బహుళమందు, పోఖ్రాన్ ఇసుకలో అణుబాంబులు పేలగా అగ్రరాజ్యము అలిగి భారతావనిపై ఆర్థికాంక్షలు విధించిన ఆ మహోగ్ర గ్రీష్మమున, గోదావరీ జలపునీతమైన రామచంద్రపురమున, విశ్రాంత సాంఘికశాస్త్రోపాధ్యాయుడును, వార్తాపత్రికాపఠనధురంధరుడును, పడకకుర్చీసింహాసనాసీనుడును అగు చంద్రరావు ఇట్లు గర్జించెను:

“ఆంక్షలట! వాడొకడు ఆపినంతమాత్రమున మన పొయ్యి ఆరునా? లోకమున వేరొక అంగడి లేదా?”

ఆ గర్జన చూరు దాటకమునుపే ధర్మపత్ని మాణిక్యాంబ ఒక వార్త మోసుకొచ్చెను. నిరుడు వీరి ఆవకాయకు బూజు పట్టినదని పొరుగింటి సువార్తమ్మ పంపు దగ్గర నలుగురిలో అన్నదట! వీరుని కన్నులు ఎండుమిరపకాయలయ్యెను. వీధి మొత్తానికి మామిడికాయల కత్తి ఆయన ఇంటనే కలదు. ఏటా ఈ రోజులలో అది గోడ దాటి సువార్తమ్మ ఇంటికి పోవుట ఆచారము.

“ఆ మాట వెనుకకు తీసుకొనునంతవరకు ఈ ఖడ్గరాజము గోడ దాటదు! టెంక తెగక, జాడీ నిండక, ఏడాది పొడవునా చప్పిడి మెతుకులు మింగి వారు శరణనవలె!”

“ఇందాకేగా అన్నారండీ, ఎవడో ఆపితే మనకేమవుద్దని?”

“అది వేరు, ఇది వేరు” అనెను చంద్రరావు. ఆంక్షలు విధించువారందరును ఈ మాటే అందురు.

సువార్తమ్మ శుభ్రముగా బజారుకు పోయి, కాయలమ్మినవానిచేతనే ముక్కలు కొట్టించుకొని వచ్చెను. మధ్యాహ్నమునకే ఆవపిండి ఘాటు గోడ దాటివచ్చి చంద్రరావుచేత ముమ్మారు తుమ్మించెను. ఇచ్చట ఆయన ఇంట నూరు కాయలు. కత్తి కలదు, కొట్టు భుజమేది? ఏటేటా వాటిని కొట్టిపెట్టునది సువార్తమ్మ భర్త, రైసుమిల్లు ఫిట్టరు యెహెజ్కేలు! కత్తి వీరిది, రెక్క వారిది. ఇంత చిన్న సంగతి అంత పెద్ద మేధావికి తట్టలేదు. కత్తి ఇంట ఉంచుకొని బజారున కొట్టించిన ఊరు నవ్వునాయె. మూడవనాటికి కాయలు మెత్తబడసాగెను.

“రేపటికి పండిపోతాయండీ. ఏడాదంతా అన్నంలోకి ఏం కలుపుకుంటారు, పేపరా?”

ఆ శూలపుపోటుకు వీరుడు పంచె బిగించెను. కత్తి ముందు చతికిలబడి, కాయ పెట్టి, పిడి పైకెత్తి, ముక్కోటి దేవతలను తలచి దభీమని దింపెను. కాయ తెగలేదు సరికదా, జారి, ఎగిరి, యెహెజ్కేలు భోజనపు కంచము ప్రక్కన పడెను. కత్తి దాటరాని గోడను కాయ దాటెను!

యెహెజ్కేలు చేయి కడుగుకొని, ఆ కాయతోనే వచ్చెను.

“వేళ్ళు పోతాయండి మాస్టారూ, ఇటివ్వండి. ఒక్క కేకేస్తే వచ్చేవాణ్ణి కదండీ!”

గంటలో నూరు కాయలును ముక్కలయ్యెను. చంద్రరావుకు నిజముగా సిగ్గు వేసెను. అయినను రాజనీతిజ్ఞుడు కనుక షరతు మరువక, గోడ మీదుగా సువార్తమ్మను అడిగెను:

“ఆ బూజు మాట, అమ్మా...”

“బూజనలేదండి మాస్టారూ. ఉప్పు తగ్గిందన్నాను, అంతే.”

మ్రోగుడు దుందుభులారా! బూజు పదభ్రష్టమయ్యెను! ఉప్పులేమికి పట్టాభిషేకమయ్యెను! శత్రువు దిగివచ్చినదని, ఆంక్షలు ఫలించినవని చంద్రరావు పడకకుర్చీలో వాలి మీసము దువ్వెను.

ఉప్పు తగ్గినందుననే బూజు పట్టునని ఎరిగిన మాణిక్యాంబ జాడీలో మరి రెండు గుప్పిళ్ళు ఉప్పు వేసెను.